మామిడి సీమకు వచ్చిన సర్వర్లు

2008లో నూజివీడు పేరు మామిడి ధరల వార్తలను దాటి రాష్ట్రమంతా వినబడింది. ఆ ఏడాది ఉమ్మడి ఆంధ్రప్రదేశ్ ప్రభుత్వం రాజీవ్ గాంధీ యూనివర్సిటీ ఆఫ్ నాలెడ్జ్ టెక్నాలజీస్‌ను స్థాపించి నూజివీడు, ఇడుపులపాయ, బాసరల్లో మూడు ప్రాంగణాలు తెరిచింది. జనం నోట అవి ట్రిపుల్ ఐటీలు. పదో తరగతిలో చూపిన ప్రతిభ ఆధారంగా ఎంపిక, రెండేళ్ల ఇంటర్ స్థాయి చదువు, నాలుగేళ్ల బీటెక్. మూడు చోట్లా కలిపి మొదటి ఏడాదే సుమారు 6,000 మంది చేరారు. వాళ్లలో ఎక్కువమంది పల్లెల నుంచి వచ్చినవాళ్లు. అలాంటి పిల్లలకు తలా ఒక ల్యాప్‌టాప్ ఇచ్చి, మైలవరం రోడ్డు పక్కన కూర్చోబెట్టి, ప్రాంగణంలోని నెట్‌వర్క్ మీద పాఠం చెప్పడం మొదలుపెట్టారు.

ఊళ్లో అందరూ ల్యాప్‌టాప్ గురించే మాట్లాడుకున్నారు. దానికి తగిలించిన తీగను ఎవరూ అంతగా పట్టించుకోలేదు. ఆ తీగ లేకపోతే ల్యాప్‌టాప్ ఒంటరి పెట్టె. తీగ ఉంటేనే పక్క తరగతిలోని పాఠం, సర్వర్‌లోని వీడియో, ప్రయోగశాలలోని ప్రింటర్ అందరివీ అవుతాయి. ఒక భవనంలోనో, ఒక ప్రాంగణంలోనో ఉన్న కంప్యూటర్లను కలిపే ఈ ఏర్పాటు పేరు లోకల్ ఏరియా నెట్‌వర్క్, వాడుకలో లాన్. లాన్‌లో ఏ ఫైలు ఎవరిది, ఎవరు చదవచ్చు, ఎవరు మార్చవచ్చు, ప్రింటర్ వద్ద ఎవరి వంతు ముందు అన్నవి నిర్ణయించే సాఫ్ట్‌వేరే నెట్‌వర్క్ ఆపరేటింగ్ సిస్టమ్. తెలుగునాట దాని చరిత్ర నూజివీడు కంటే చాలా ముందే మొదలైంది. బ్యాంకు కౌంటర్ల మీదుగా, కోచింగ్ సెంటర్ల మీదుగా, రిజిస్ట్రేషన్ ఆఫీసుల మీదుగా నడిచి మామిడి తోటల దాకా వచ్చింది. ఆ దారి పొడుగునా తేలాల్సిన ప్రశ్న ఒక్కటే: పదిమంది పంచుకునే సమాచారం మీద పెత్తనం ఎక్కడ ఉండాలి?

ఆ ప్రశ్నకు వచ్చిన జవాబులను బట్టే ఈ సిస్టమ్‌లు రకాలుగా విడిపోయాయి. నూజివీడు రైతుకు ఈ తేడా కొత్తది కాదు. కాయ కోసిన రైతు తోట గుమ్మం దగ్గరే కాటా పెట్టి, వచ్చినవాళ్లకు నేరుగా అమ్మవచ్చు. లేదంటే లారీకి ఎత్తి విజయవాడ దగ్గరి నున్న మార్కెట్‌కు పంపవచ్చు. మొదటి పద్ధతిలో ప్రతి తోటా ఒక దుకాణమే. కాటా తనదే, లెక్క తనదే. రెండో పద్ధతిలో సరుకంతా ఒకచోట చేరుతుంది, తూకం ఒకటి, చిట్టా ఒకటి. కంప్యూటర్ల మధ్య మొదటి దాన్ని పీర్ టు పీర్ అంటారు. రెండోది క్లయింట్ సర్వర్. ఈ రెండింటికీ ముందునుంచీ ఇంకొక పద్ధతి ఉంది: కంప్యూటర్ ఒకటే, దాని చుట్టూ సొంత బుద్ధి లేని టెర్మినళ్లు. చరిత్ర మొదలైంది ఆ మూడో పద్ధతితోనే.

ఒకే కంప్యూటర్, పది టెర్మినళ్లు

తెలుగునేల మీద కంప్యూటర్ల తయారీ కథ ఈసీఐఎల్‌తో మొదలవుతుంది. పశ్చిమ గోదావరి జిల్లా మోగల్లులో పుట్టిన అయ్యగారి సాంబశివరావు సారథ్యంలో 1967లో హైదరాబాద్‌లో ఆ సంస్థ వెలిసింది. 1969లో వచ్చిన టీడీసీ-12 మన దేశంలో తయారైన తొలితరం కంప్యూటర్లలో ఒకటి. సరిగ్గా అదే ఏడాది అమెరికాలోని బెల్ ల్యాబ్స్‌లో కెన్ థాంప్సన్, డెనిస్ రిచీ కలిసి యూనిక్స్‌కు పునాది వేశారు. ఒకే యంత్రం మీద పలువురు ఒకేసారి పనిచేసుకునేలా, ఒకరి ఫైలు జోలికి ఇంకొకరు రాకుండా చూడటం యూనిక్స్ మొదటినుంచీ నేర్చిన విద్య.

ఆ విద్య ఇక్కడి మామూలు మనిషి దగ్గరకు ఎక్కువగా బ్యాంకుల ద్వారా వచ్చింది. రిజర్వు బ్యాంకు నియమించిన సి. రంగరాజన్ కమిటీ 1984లో ఇచ్చిన నివేదికతో శాఖల్లో యంత్రీకరణకు దారి తెరుచుకుంది. ఉద్యోగాలు పోతాయన్న భయం అప్పట్లో బలంగా ఉండేది కాబట్టి, ఉద్యోగ సంఘాలతో ఒప్పందాలు కుదిరిన మేరకే పని ముందుకు సాగింది. మొదట వచ్చినవి లెడ్జర్ పోస్టింగ్ యంత్రాలు. తరువాత కౌంటర్ కౌంటర్‌కూ ఒక టెర్మినల్ పెట్టి, లోపలి గదిలో యూనిక్స్ యంత్రం ఒకటి నడిపే పద్ధతి. 1923లో భోగరాజు పట్టాభి సీతారామయ్య మచిలీపట్నంలో స్థాపించిన ఆంధ్రా బ్యాంకు మొదలుకొని ప్రభుత్వ రంగ బ్యాంకులన్నీ ఈ మార్పును చూశాయి. తోలు అట్టల లెడ్జర్లు మోసిన గుమస్తాల తరం వాళ్లే ఆకుపచ్చ అక్షరాల తెర ముందు కూర్చున్నారు.

ఈ పద్ధతిలో పెత్తనమంతా లోపలి గదిదే. టెర్మినల్‌కు డిస్కు లేదు, చెప్పుకోదగ్గ మెమరీ లేదు. లోపలి యంత్రం ఆగితే అన్ని కౌంటర్లూ ఆగుతాయి. అయితే లెక్క ఒకచోటే ఉండేది, కాపలా తేలిక, రాత్రికి టేపు మీద నకలు తీస్తే పని పూర్తి. డబ్బు లెక్కలు చూసేవాళ్లకు ఇదే నచ్చింది.

యూటా నుంచి వచ్చిన సిస్టమ్

1980లలో పీసీలు వచ్చి పరిస్థితిని మార్చాయి. ప్రతి బల్ల మీదా ఒక ప్రాసెసర్. కానీ హార్డ్ డిస్కు, లేజర్ ప్రింటర్ మాత్రం ఏనుగు ధర. వాటిని అందరూ పంచుకోవడం ఎలా? 1973లోనే జిరాక్స్ పరిశోధనశాలలో బాబ్ మెట్‌కాఫ్, డేవిడ్ బాగ్స్ ఈథర్‌నెట్‌ను రూపొందించారు; 1983లో అది ప్రమాణమైంది. తీగ ఉంది, తీగ మీద నడిచే పాలన కావాలి.

ఆ పాలన అమెరికాలోని యూటా రాష్ట్రం నుంచి వచ్చింది. ప్రోవో పరిసరాల్లోని నోవెల్ అనే చిన్న సంస్థకు డ్రూ మేజర్, అతని స్నేహితులు కలిసి ‘సూపర్‌సెట్’ అనే పేరుతో సాఫ్ట్‌వేర్ రాసిపెట్టారు. వాళ్లు గ్రహించిన విషయం చిన్నదే, ఫలితం పెద్దది. అంతవరకు చాలామంది నెట్‌వర్క్‌లో ఒక డిస్కును ముక్కలు చేసి తలా ఒక ముక్క ఇచ్చేవారు. వీళ్లు డిస్కును పంచలేదు, ఫైళ్లను పంచారు. సర్వర్ ప్రతి ఫైలునూ తన అదుపులో ఉంచుకుని, అడిగినవాళ్ల హక్కు చూసి ఇస్తుంది. 1983లో బయటికొచ్చిన ఆ సిస్టమ్ తరువాత నెట్‌వేర్‌గా ప్రపంచమంతా పాకింది. అదే ఏడాది సంస్థ పగ్గాలు పట్టిన రే నూర్డా దాన్ని ఊరూరా అమ్మించాడు. 1989లో 386 ప్రాసెసర్ కోసం వచ్చిన మూడో తరం నెట్‌వేర్, ఆ వెంట 1991లో వచ్చిన 3.11 కొన్నేళ్లపాటు ఈ రంగానికి చక్రవర్తులు.

భారతదేశంలో నోవెల్ వ్యాపారం ఆన్‌వర్డ్ నోవెల్ అనే ఉమ్మడి సంస్థ ద్వారా సాగింది; నాస్కామ్ వ్యవస్థాపకుల్లో ఒకరైన హరీశ్ మెహతా దాని వెనుక ఉన్నారు. 1990లలో హైదరాబాద్ అమీర్‌పేట కోచింగ్ సెంటర్ల బోర్డుల మీద నెట్‌వేర్ పేరు వెలిగింది. విజయవాడ, గుంటూరు లాంటి ఊళ్లలో కూడా కంప్యూటర్ శిక్షణ సంస్థలు వెలిసి, డిగ్రీ చదివిన కుర్రాళ్లకు కొత్త బతుకుదారి చూపించాయి.

నాటి ల్యాబ్‌ను గుర్తు చేసుకుంటే పొదుపు మొదట గుర్తొస్తుంది. హార్డ్ డిస్కు ఖరీదు కాబట్టి చాలాచోట్ల విద్యార్థుల కంప్యూటర్లకు డిస్కే ఉండేది కాదు. నెట్‌వర్క్ కార్డు మీద ఒక చిన్న చిప్ బిగించేవారు. స్విచ్ వేయగానే ఆ చిప్ సర్వర్‌ను వెతికి పట్టుకుని, ఆపరేటింగ్ సిస్టమ్‌ను తీగ మీదుగా తెచ్చుకునేది. తెర మీద ఎఫ్ డ్రైవ్ కనబడితే బతికినట్టే. లాగిన్ అని కొట్టి పేరు, పాస్‌వర్డ్ ఇవ్వాలి. సర్వర్ మీద ‘సూపర్‌వైజర్’ అనే ఖాతా ఒక్కటి ఉండేది. ఆ పాస్‌వర్డ్ తెలిసినవాడు ఆ ల్యాబ్‌కు మకుటం లేని మహారాజు. కొత్త ఖాతా తెరిచేదీ, ఎవరికి ఎంత జాగా ఇవ్వాలో చెప్పేదీ, ప్రింట్ వరసను సరిచేసేదీ అతనే.

తీగ కూడా కథలో ఒక పాత్రే. కేబుల్ టీవీ తీగలా ఉండే సన్నని కోయాక్సియల్ కేబుల్ ఒక కంప్యూటర్ నుంచి ఇంకొక కంప్యూటర్‌కు సాగి, రెండు చివరలా టెర్మినేటర్లతో ముగిసేది. ఒక ముక్క 185 మీటర్లకు మించకూడదు. ఎవరి కాలో తగిలి ఒక కనెక్టర్ ఊడితే వరస మొత్తం మూగబోయేది. అప్పుడు ఇన్‌స్ట్రక్టర్లు బల్లల కింద దూరి ఒక్కొక్క జోడూ తడిమి చూసేవారు. వేసవి కరెంటు కోతలు ఇంకొక పరీక్ష. యూపీఎస్ బ్యాటరీ అయిపోయేలోపు సర్వర్‌ను పద్ధతిగా దించాలి, లేకుంటే ఫైళ్లు దెబ్బతింటాయి. పుస్తకంలో లేని ఈ పనులన్నీ ఆ తరం చేతులతో నేర్చుకుంది.

సర్వర్ అక్కర్లేని ఇరుగుపొరుగు

నాలుగు కంప్యూటర్లున్న చిన్న ఆఫీసుకు నెట్‌వేర్ లైసెన్సు, దానికోసం వేరే యంత్రం, దాన్ని చూసేందుకు మనిషి... ఇవన్నీ భారమే. అలాంటివాళ్ల కోసం పీర్ టు పీర్ సిస్టమ్‌లు వచ్చాయి. 1980ల చివర అమెరికాలో ఆర్టిసాఫ్ట్ అమ్మిన లాన్‌టాస్టిక్ వాటిలో పేరుమోసింది. ఇక్కడి చిన్న ఆఫీసులకు ఈ సదుపాయం ఎక్కువగా మైక్రోసాఫ్ట్ ద్వారా అందింది: 1992లో విండోస్ ఫర్ వర్క్‌గ్రూప్స్, 1995లో విండోస్ 95. అకౌంటెంట్ కంప్యూటర్‌లోని ఫోల్డర్‌ను ‘షేర్’ అని గుర్తు పెడితే చాలు, పక్క బల్ల మీద ‘నెట్‌వర్క్ నైబర్‌హుడ్’లో కనబడేది. ఒక ప్రింటర్‌తో ఆఫీసంతా సర్దుకునేది.

ఖర్చు తగ్గింది, క్రమశిక్షణ కూడా తగ్గింది. ఎవరి ఫోల్డర్‌కు వాళ్లే యజమాని. పాస్‌వర్డ్ పెట్టాలని కొందరికి తెలియదు, తెలిసినవాళ్లు పెట్టరు. అకౌంటెంట్ సెలవు పెట్టి కంప్యూటర్ కట్టేసి వెళ్తే బిల్లుల ఫైలు కూడా సెలవులోనే. 1990ల చివర్లో ఒక ఫ్లాపీతో వచ్చిన వైరస్ షేర్ చేసిన ఫోల్డర్ల దారిలో ఆఫీసంతా తిరిగొచ్చేది. పది కంప్యూటర్ల లోపు ఇది పనికొస్తుందని, ఆ పైన ఇబ్బందేనని అనుభవం మీద తేలింది.

నెట్‌వేర్‌ను పడగొట్టిన ఎన్‌టీ

1993లో మైక్రోసాఫ్ట్ విండోస్ ఎన్‌టీని విడుదల చేసింది. డిజిటల్ ఎక్విప్‌మెంట్ సంస్థ నుంచి వచ్చిన డేవ్ కట్లర్ దాని ప్రధాన శిల్పి. ఆ సిస్టమ్ పుట్టుకలో ఒక తెలుగువాడి తొలి అడుగులూ ఉన్నాయి. అనంతపురం జిల్లా మూలాలున్న ఐఏఎస్ అధికారి బి.ఎన్. యుగంధర్ కుమారుడు సత్య నాదెళ్ల 1992లో సన్ మైక్రోసిస్టమ్స్ వదిలి మైక్రోసాఫ్ట్‌లో చేరారు. ఎన్‌టీని నమ్మి దాని మీద తమ సాఫ్ట్‌వేర్ రాసేలా బయటి సంస్థలను ఒప్పించడం ఆయనకు అప్పగించిన పని. అదే సంస్థకు ఆయన 2014లో అధిపతి అయ్యారు.

నెట్‌వేర్ ఫైళ్లను, ప్రింటర్లను అద్భుతంగా చూసుకునేది. డేటాబేస్ లాంటి పెద్ద అప్లికేషన్ దాని మీద రాయడం మాత్రం కష్టం. ఎన్‌టీ మీద అదే పని పీసీ మీద రాసినంత సుళువు. పైగా సర్వర్ తెర కూడా విద్యార్థికి అలవాటైన విండోస్ తెరే. 1996లో ఎన్‌టీ 4.0 వచ్చేసరికి గాలి మళ్లింది. 1995 ఆగస్టు 15న విదేశ్ సంచార్ నిగమ్ దేశంలో సామాన్యులకు ఇంటర్నెట్ తెరవడంతో, ఇంటర్నెట్ మాట్లాడే టీసీపీ ఐపీ భాషే లాన్‌లోనూ కావాలని అందరూ కోరారు. నోవెల్ తన సొంత ఐపీఎక్స్ భాషను అంటిపెట్టుకుని 1998లో వచ్చిన నెట్‌వేర్ 5 దాకా ఆగింది. ఆ ఆలస్యానికి మూల్యం చెల్లించింది. అమీర్‌పేట బోర్డుల మీద నోవెల్ సర్టిఫికెట్ల పేర్లు చెరిగి మైక్రోసాఫ్ట్ సర్టిఫికెట్ల పేర్లు వెలిశాయి.

అయితే నోవెల్ ఆలోచన ఓడిపోలేదు. 1993 నాటి నెట్‌వేర్ 4లో సంస్థలోని మనుషులు, యంత్రాలు, హక్కులు అన్నిటినీ ఒకే చెట్టులా పేర్చిన డైరెక్టరీ ఉంది. అంతకంటే ముందే, బాన్యన్ సంస్థ 1984లో తెచ్చిన వైన్స్ సిస్టమ్ స్ట్రీట్‌టాక్ పేరుతో అలాంటి పని చేసింది. ఒకసారి లాగిన్ అయితే హక్కున్న ప్రతి సర్వర్ తలుపూ తెరుచుకోవాలన్నది వాటి సూత్రం. 2000లో మైక్రోసాఫ్ట్ తెచ్చిన యాక్టివ్ డైరెక్టరీ ఆ సూత్రాన్నే తనదిగా చేసుకుంది. నేటికీ పెద్ద ఆఫీసుల్లో ఉద్యోగి ఉదయం కొట్టే పాస్‌వర్డ్‌ను సరిచూసేది చాలావరకు ఆ సంతతే.

దస్తావేజు తెర మీదకు వచ్చిన రోజు

లాన్ వల్ల రైతు జీవితంలో ఏం మారిందని అడిగితే జవాబు సబ్ రిజిస్ట్రార్ ఆఫీసులో ఉంది. మామిడి తోట కొనేవాడు ముందు అడిగేది ఈసీ. ఆ భూమి మీద అప్పు ఉందా, ఇంతకుముందు ఎవరికైనా అమ్మారా అని తెలిపే కాగితం అది. ఒకప్పుడు దానికోసం గుమస్తా ఏళ్లనాటి సూచికలను చేత్తో తిరగేయాలి. దస్తావేజు రిజిస్టరు కావాలంటే మొత్తం పాఠాన్ని పెద్ద వాల్యూమ్‌లలో చేత్తో ఎక్కించాలి. రోజులు పట్టేది, మధ్యవర్తుల చేయి తడపాల్సి వచ్చేది.

1996లో ఆంధ్రప్రదేశ్ రిజిస్ట్రేషన్ శాఖ కార్డ్ అనే ప్రాజెక్టు చేపట్టింది. ఐఏఎస్ అధికారి జె. సత్యనారాయణ దానికి రూపశిల్పి. 1998 నవంబరు 4న రాష్ట్రవ్యాప్తంగా 214 సబ్ రిజిస్ట్రార్ ఆఫీసుల్లో ఒకేసారి ప్రారంభమైంది. ప్రతి ఆఫీసులో ఒక సర్వర్, కౌంటర్లలో కంప్యూటర్లు, మధ్యలో లాన్. గత 15 ఏళ్ల లావాదేవీల వివరాలు ముందుగా ఎక్కించారు. ఆస్తి విలువ లెక్క, స్టాంపు సుంకం, దస్తావేజు నకలు స్కానింగ్ అన్నీ ఆ తీగ మీదే నడిచాయి. రోజులు పట్టిన ఈసీ నిమిషాల్లో చేతికొచ్చింది.

ఊరికీ ఊరికీ మధ్య నమ్మదగిన డేటా లైన్లు లేని కాలంలో ఇది సాధ్యమైన కారణం గమనించాలి. ఏ ఆఫీసు లాన్ ఆ ఆఫీసుకే పరిమితం. హైదరాబాద్‌తో లైను తెగినా రిజిస్ట్రేషన్ ఆగదు. పెద్ద నెట్‌వర్క్ కోసం ఎదురుచూడకుండా చిన్న నెట్‌వర్క్‌తో మొదలుపెట్టడమే ఆ ప్రాజెక్టు తెలివి. మధ్యవర్తులు పూర్తిగా మాయం కాలేదు. దస్తావేజు లేఖరుల అవసరమూ తీరలేదు. కానీ సామాన్యుడు తెర వైపు చూసి తన భూమి వివరం తానే చదువుకోగల రోజు వచ్చింది.

ఎవరి సొత్తూ కాని సర్వర్

నెట్‌వేర్, ఎన్‌టీ రెండూ లైసెన్సు సరుకులే. ఎన్ని కంప్యూటర్లు కలిపితే అంత సొమ్ము. చిన్న ఊరి కాలేజీకి అది మోయలేని బరువు. ఆ బరువు దించిన పని రెండు దూరదేశాల్లో మొదలైంది. 1991లో హెల్సింకీ విద్యార్థి లినస్ టోర్వాల్డ్స్ లినక్స్ విడుదల చేశాడు. 1991 చివర్లో ఆస్ట్రేలియాలోని కాన్‌బెరాలో ఆండ్రూ ట్రిడ్జెల్ తీగ మీద పోయే సందేశాలను గమనించి, పీసీలు ఫైళ్లు అడిగే భాషను తానే అర్థం చేసుకుని ఒక సర్వర్ రాశాడు. అదే తరువాత సాంబా. లినక్స్ యంత్రం మీద సాంబా నడిపితే, విండోస్ కంప్యూటర్లకు అది విండోస్ సర్వర్‌లాగే కనబడుతుంది. యూనిక్స్ యంత్రాల మధ్య ఫైళ్లు పంచుకునే పద్ధతిని సన్ సంస్థ 1984లోనే ఇచ్చింది కాబట్టి, రెండు వైపులా దారి దొరికింది.

1990ల రెండో సగంలో పీసీక్వెస్ట్ పత్రికతో పాటు వచ్చిన లినక్స్ సీడీలు ఇంటర్నెట్ లేని ఊళ్లకు కూడా ఈ వెలుగు చేర్చాయి. 2005లో హైదరాబాద్‌లో మొదలైన స్వేచ్ఛ సంస్థ తెలుగులో పనిచేసే లినక్స్‌ను తయారుచేసి కాలేజీ విద్యార్థుల చేతికి ఇచ్చింది. సాఫ్ట్‌వేర్‌ను విప్పి చూసే హక్కు, మార్చే హక్కు, ఇంకొకరికి ఇచ్చే హక్కు విద్యార్థికి ఉండాలన్న వాదాన్ని అది ఇంజనీరింగ్ కాలేజీల దాకా తీసుకెళ్లింది.

కాటూరు, పిట్స్‌బర్గ్, నూజివీడు

ఇప్పుడు మళ్లీ 2008కి. నూజివీడు ట్రిపుల్ ఐటీ ఊరకే పుట్టిన ఆలోచన కాదు. విశ్వవిద్యాలయానికి తొలి చాన్సలర్‌గా వచ్చిన రాజ్ రెడ్డి పుట్టింది చిత్తూరు జిల్లా కాటూరులో. స్టాన్‌ఫర్డ్‌లో పరిశోధన చేసి, పిట్స్‌బర్గ్‌లోని కార్నెగీ మెలన్ విశ్వవిద్యాలయంలో స్థిరపడి, 1994లో ట్యూరింగ్ అవార్డు అందుకున్నారు. 1980ల మొదట్లో ఆయన, సహచరులు కలిసి విద్యార్థికి ఇవ్వాల్సిన కంప్యూటర్ ఎలా ఉండాలో ఒక లక్ష్యం పెట్టారు: పది లక్షల బైట్ల మెమరీ, పది లక్షల చుక్కల తెర, సెకనుకు పది లక్షల ఆదేశాల వేగం. అందరికీ తలా ఒకటి.

తలా ఒకటి ఇస్తే వేల కంప్యూటర్ల ఫైళ్లు ఎక్కడ ఉండాలి? కార్నెగీ మెలన్ ఐబీఎంతో కలిసి చేపట్టిన ఆండ్రూ ప్రాజెక్టు ఆ ప్రశ్నతో పుట్టింది. అందులో భాగంగా మద్రాస్ ఐఐటీలో చదివిన ఎం. సత్యనారాయణన్ తదితరులు ఆండ్రూ ఫైల్ సిస్టమ్ నిర్మించారు. ఫైలు తెరిచినప్పుడు మొత్తం నకలు విద్యార్థి యంత్రానికి వచ్చేస్తుంది, పని అయ్యాక మార్పులు సర్వర్‌కు తిరిగి వెళ్తాయి. మాటిమాటికీ సర్వర్‌ను తట్టి లేపనక్కర్లేదు కాబట్టి కొద్ది సర్వర్లే వేలమందిని మోయగలిగాయి. విద్యార్థి ప్రాంగణంలో ఏ కంప్యూటర్ ముందు కూర్చున్నా తన ఫైళ్లు తనకు కనబడేవి.

నూజివీడు, ఇడుపులపాయ, బాసరల్లో ఏర్పాటైన నమూనాలో ఆ ఆలోచన నీడ స్పష్టంగా ఉంది: ప్రతి పిల్లకూ, పిల్లవాడికీ సొంత యంత్రం, ప్రాంగణమంతా లాన్, పాఠం సర్వర్ మీద. దూరంలో ఉన్న మంచి ఉపాధ్యాయుడి పాఠాన్ని రికార్డు చేసి తరగతిలో చూపించడం, పక్కన మెంటర్ ఉండి సందేహం తీర్చడం పద్ధతి. బయటి ఇంటర్నెట్ సన్నగా ఉన్నా, లోపలి తీగ వెడల్పుగా ఉంటే చదువు ఆగదు. కార్డ్ ప్రాజెక్టు రిజిస్ట్రేషన్ ఆఫీసుల్లో నిరూపించిన సూత్రమే ఇక్కడ తరగతి గదిలోకి వచ్చింది.

అదే ఏడాది రాష్ట్రంలోనే ఇంకొక దారి కూడా తొక్కారు. 5,000 ప్రభుత్వ పాఠశాలల్లో సుమారు 18 లక్షల మంది పిల్లలకు కంప్యూటర్ అందించేందుకు ప్రభుత్వం ఎన్‌కంప్యూటింగ్ సంస్థ పరికరాలను ఎంచుకుంది. ఒక పీసీకి చిన్న డబ్బాలు తగిలించి, ఒక్కో డబ్బాకు ఒక తెర, ఒక కీబోర్డు కలిపితే పలువురు పిల్లలు ఆ ఒక్క పీసీనే పంచుకుంటారు. అంటే 1980ల బ్యాంకు టెర్మినల్ పద్ధతే బొమ్మల తెరతో తిరిగొచ్చింది. ఖర్చు, కరెంటు బాగా కలిసొస్తాయి. కానీ ఆ ఒక్క పీసీ చెడితే దాని మీద ఆధారపడ్డ పిల్లలందరూ ఖాళీ. ఒకే రాష్ట్రం, ఒకే ఏడాది. ఒక చోట తలా ఒక యంత్రం, ఇంకొక చోట అందరికీ కలిపి ఒకటి. సాంకేతికతల మధ్య ఎంపిక వెనుక ఎప్పుడూ బడ్జెట్ నిర్ణయం ఉంటుందని చూపడానికి ఇంతకంటే సాక్ష్యం అక్కర్లేదు.

తరువాతి మార్పులు వేగంగా వచ్చాయి. 2010లో నెట్‌వేర్‌కు నోవెల్ సాధారణ మద్దతు ముగిసింది. మరుసటి ఏడాది ఆ సంస్థ అటాచ్‌మేట్ చేతికి పోయింది. 2014 విభజనతో బాసర తెలంగాణకు వెళ్లింది. 2016లో శ్రీకాకుళం, ఒంగోలు ప్రాంగణాలు తోడయ్యాయి. 2022 ఏప్రిల్‌లో నూజివీడు కృష్ణా జిల్లా నుంచి ఏలూరు జిల్లాలోకి మారింది. తీగల స్థానంలో వైఫై వచ్చింది. ఫైళ్లు ఎక్కడో దూరాన ఉన్న డేటా సెంటర్లకు వెళ్లిపోయాయి. రసాలు, బంగినపల్లి లారీకెత్తే వ్యాపారి లెక్కలు కూడా ఇప్పుడు ఫోన్‌లోనే.

ఈ సౌకర్యంలో ఒక నష్టం దాగి ఉంది. ల్యాబ్‌లో సర్వర్ ఉన్నప్పుడు, ఖాతా ఎలా తెరుస్తారో, హక్కు ఎలా ఇస్తారో, పోయిన ఫైలును టేపు నుంచి ఎలా తిరిగి తెస్తారో విద్యార్థి కళ్లతో చూసేవాడు. ఇప్పుడు అవన్నీ ఎక్కడో దూరాన, వేరే కంపెనీ గదిలో జరుగుతున్నాయి. కంప్యూటర్ సైన్స్ పట్టా పుచ్చుకున్నవాళ్లలో సొంతంగా ఒక ఫైల్ సర్వర్ నిలబెట్టనివాళ్లు ఎందరో. నెట్‌వర్క్ ఆపరేటింగ్ సిస్టమ్‌ల పాఠం సిలబస్‌లో రకాల పట్టికగా మిగిలిపోతోంది. పరీక్షలో రాసి మరచిపోయే పట్టికగా.

దీన్ని సరిచేయడానికి పెద్ద బడ్జెట్ అవసరం లేదు. నూజివీడు చుట్టుపక్కల జూనియర్ కాలేజీలు, పాలిటెక్నిక్‌లు, డిగ్రీ కాలేజీల స్టోరు గదుల్లో దుమ్ము పట్టిన పీసీలు ఉంటాయి. ఒకదాన్ని బయటికి తీసి లినక్స్, సాంబా ఎక్కించి, ఒక స్విచ్‌తో పది యంత్రాలు కలిపితే 1990ల నాటి ఖరీదైన సర్వర్ చేసిన పనంతా అది చేస్తుంది. లైసెన్సు ఖర్చు సున్నా. అధ్యాపకులు ఆ సర్వర్ పాస్‌వర్డ్‌ను బీరువాలో దాచకుండా విద్యార్థులకు అప్పగించాలి. ఖాతాలు వాళ్లే తెరవాలి, హక్కులు వాళ్లే పంచాలి, నకళ్లు వాళ్లే తీయాలి, ఒకసారి కావాలనే చెడగొట్టి మళ్లీ వాళ్లే నిలబెట్టాలి. ట్రిపుల్ ఐటీ పూర్వ విద్యార్థులు ఇప్పుడు ప్రపంచమంతా ఉన్నారు. సెలవుల్లో ఇంటికొచ్చినప్పుడు తమ ఊరి కాలేజీలో ఒక పూట కూర్చుని ఈ పని మొదలుపెట్టించాలని వాళ్లకు మనవి.